గిర్నీ సందు

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన పార్సిల్ గురువారం సాయంత్రం అందింది. స్వెటరు అమ్మకు సరిగ్గా సరిపోయింది. నా చెప్పులు కాస్త బిగువుగా ఉన్నాయి కానీ వాడగా వాడగా వదులవుతాయని అమ్మ అంటోంది. ఆ రోజు ఫోనులో నువ్వు నవ్వుతూ, "పిండి గిర్నీ పోయి ఇన్నేళ్లయింది కదా నాన్నా, పార్సిల్ తెచ్చిన అబ్బాయికి గిర్నీ సందు అని ఎందుకు చెప్పావు?" అని అడిగావు. ఏదో మాట తప్పించి ఫోను పెట్టేశాను. దానికి జవాబు ఫోనులో చెప్పేది కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అసలు జరిగింది ఇదీ. అతను మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభం కింద నిలబడి ఫోను చేసి, "సార్, ల్యాండ్‌మార్క్ చెప్పండి" అన్నాడు. పార్సిల్ మీద ఇంటి నంబరు ఉంది కదా అన్నాను. ఆ నంబరు పట్టుకుని ఇల్లు వెతుక్కోవడం పోస్ట్‌మాన్‌కు తప్ప మరెవరికీ చేతకాదన్న సంగతి ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నీకు వేరే చెప్పనక్కర్లేదు. మొదటి అంకె వార్డుది, రెండోది బ్లాకుది, మూడోది ఇంటిది. ఆ ఇంటి స్థలం ముక్కలైన కొద్దీ చివర 'బై'లు, ఏలు, బీలు చేరుతూ పోతాయి. పక్క పక్క ఇళ్ల నంబర్లు పక్క పక్కనే ఉండాలన్న నియమమేమీ లేదు. అందుకే హైదరాబాదులో ఎవరూ నంబరుతో దారి చెప్పరు, దుకాణంతో చెబుతారు. నా నోటికి అలవాటైన దుకాణం గిర్నీ. "గిర్నీ సందులోకి తిరుగు బాబూ" అనేశాను. అతనిది మహబూబ్‌నగర్ వైపు ఏదో ఊరట, ఇక్కడికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. పాపం, అరగంట సేపు గిర్నీ కోసం తిరిగాడు.

తప్పు నాదే అనుకో. కానీ ఊరు మొత్తం చేసే తప్పే నేనూ చేశాను. ఆబిడ్స్ అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నీకెప్పుడైనా చెప్పానో లేదో గుర్తు లేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ యూదుడు ఉండేవాడు. ఆయన అక్కడ ఒక దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, అది ఉన్న చోట ప్యాలెస్ టాకీస్ వచ్చింది, ఆ టాకీసూ పోయింది. ఆబిడ్స్ మాత్రం ఉంది. బషీర్‌బాగ్, హిమాయత్‌నగర్‌ల మధ్య లిబర్టీ దగ్గర బస్సు దిగేవాళ్లలో లిబర్టీ టాకీస్‌లో సినిమా చూసినవాళ్లు ఎందరుంటారు? సికిందరాబాదులో సంగీత్ చౌరస్తా ఉంది, ఆ పేరిచ్చిన సంగీత్ థియేటరు లేదు. మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా అనేది ఫ్రిజ్‌ల కంపెనీ పేరని ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. లక్డీకాపూల్‌లో కట్టె వంతెన కోసం ఎవరూ వెతకరు కదా. మొజంజాహీ మార్కెట్‌లో ఇంకో తిరకాసు. 1935 నాటి ఆ రాతి కట్టడానికి 2020లో ముచ్చటగా మరమ్మతు చేశారు, కానీ అక్కడి పండ్ల బజారు ఎప్పుడో గడ్డిఅన్నారానికీ, అక్కడి నుంచి ఊరవతల బాటసింగారానికీ తరలిపోయింది. పేరు నిలిచి దుకాణం పోవడం, గోడలు నిలిచి బేరం పోవడం, రెండూ ఈ ఊరికి కొత్త కాదు.

మన సందు సంగతికి వస్తాను. నేను 1978లో ఉద్యోగంలో చేరి చిక్కడపల్లిలో గది అద్దెకు తీసుకున్నప్పుడు, మెయిన్ రోడ్డు నుంచి మన ఇంటి దాకా వరుసగా ఉన్న మల్గీలు, అంటే దుకాణాల గదులు, ఇవి. మూల మీద ఇరానీ హోటలు, దాని పక్కన సైకిల్ టాక్సీ, పైన మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూటు, తరువాత షేటు కిరాణా కొట్టు, సందు మొగదల పిండి గిర్నీ. మూల స్థలాలు అచ్చిరావని మన వ్యాపారులు వదిలేస్తే ఇరానీలు వాటిని తీసుకున్నారని పెద్దవాళ్లు చెప్పేవారు. అది ఎంత నిజమో గానీ, రెండు రోడ్ల వైపూ తలుపులున్న ఆ హోటలు ఎప్పుడూ నిండే ఉండేది. పాలరాతి పలక బల్ల మీద ఒక్క చాయ్ పెట్టుకుని, ఒకే దినపత్రికను ఆకులు ఆకులుగా పంచుకుని చదివేవాళ్లం. గల్లా దగ్గర కూర్చున్న ముసలాయన ఎంతసేపున్నా లేవమనేవాడు కాదు. చిక్కగా కావాలంటే 'పౌనా' అనాలని నాకు అక్కడే తెలిసింది. అయితే మీ అమ్మను అడిగితే ఆ హోటలు గురించి వేరే కథ చెబుతుంది. పెళ్లయిన కొత్తలో తనను తీసుకువెళితే, వెనక ఉన్న 'ఫ్యామిలీ' గదిలో, తెర వేసిన అరలో కూర్చోబెట్టారు. రోడ్డూ కనపడలేదు, మనుషులూ కనపడలేదు. ఆ చాయ్ మహా గొప్పదని నేను ఇప్పటికీ చెబుతుంటే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంటుంది.

సైకిల్ టాక్సీలో గంటకు ఇంతని సైకిలు అద్దెకు ఇచ్చేవారు. మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబరు, నోటు పుస్తకంలో మన పేరు, తీసుకెళ్లిన వేళ. కొత్తవాళ్లయితే తెలిసినవాళ్ల పూచీ కావాలి. 'గిర్నీ సందు' అంటే చాలు, పూచీ అక్కర్లేదు. టైపు ఇన్‌స్టిట్యూటు గురించి ఎక్కువ చెప్పను, నేను హయ్యర్ పరీక్ష రెండు సార్లు తప్పిన చోటు అది. కంప్యూటర్లు వచ్చాక ఆ యంత్రాలను పాత ఇనుము కింద అమ్మేసి, గోడ మీద పేరు చెరిపి మరో కోర్సు పేరు రాశారు, మూడేళ్లలో అదీ మూసేశారు.

షేటు మంచివాడే, కానీ పప్పు తూకంలో అతని చెయ్యి కాస్త బిగువు. నెలాఖరున ఉద్దెర పుస్తకంలో లెక్క ఎప్పుడూ మన లెక్క కంటే నాలుగు రూపాయలు ఎక్కువే ఉండేది. నానమ్మ ఆ నాలుగు రూపాయల కోసం ప్రతి నెలా పోట్లాడి, మళ్లీ ఆ కొట్టుకే వెళ్లేది. తాతయ్య ఆస్పత్రిలో ఉన్న రెండు నెలలూ అతను లెక్క అడగలేదు. ఈ రెండు సంగతులూ ఒకే మనిషివి. పోయిన దుకాణాలను తలచుకునేవాళ్లు రెండోదాన్నే చెప్పి మొదటిదాన్ని మింగేస్తుంటారు.

గిర్నీ నీకు గుర్తుండే ఉంటుంది. గిర్నీ తాత వెంట్రుకలూ కనుబొమలూ తెల్లగా ఉండేవి, అది వయసో పిండో ఎవరూ తేల్చలేకపోయారు. పట్టా తిరుగుతుంటే కాళ్ల కింద బండ అదిరేది, నువ్వు భయపడి నా మెడ పట్టుకునేదానివి. వరుసగా పెట్టిన డబ్బాల మూతల మీద ఎవరి గుర్తు వారిది. కొందరు సుద్దతో పేరు రాస్తే, కొందరు పాత చీర అంచు కట్టేవారు. గోధుమలు ఆడించిన వెంటనే బియ్యం పోస్తే పిండి కలుస్తుందని ఆడవాళ్లు వంతుల కోసం వాదులాడుకునేవారు. మిరపకాయలకు వేరే రాయి, అది తిరిగే రోజున సందంతా తుమ్ములే. నువ్వు పుట్టినప్పటి నుంచి ప్రతి పుట్టినరోజుకీ, నూకలు తూచే పెద్ద కాటా పళ్లెంలో నిన్ను కూర్చోబెట్టి, అవతలి పళ్లెంలో ఇనుప రాళ్లు పెట్టి బరువు చూసేవాడు. ఆ అంకెను తలుపు వెనక బొగ్గుతో రాసేవాడు. ఆరో పుట్టినరోజున నువ్వు ఎక్కనని సిగ్గుపడ్డావు, అక్కడితో ఆ వరుస ఆగింది.

ఇవి ఎలా పోయాయని అడిగితే ఒక్క కారణం చెప్పలేను. మల్గీల అద్దెలు ఎప్పటివో పాతవి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నీడలో కిరాయిదారును కదిలించడం తేలిక కాదు కనుక యజమానులు పెంకు కూడా మార్చించేవారు కాదు. భూమి ధర పెరిగాక ఇంటివారి పిల్లలు బిల్డరుతో సగం సగం ఒప్పందం రాసుకుని, కిరాయిదారుకు ఎంతో కొంత ముట్టజెప్పి ఖాళీ చేయించారు. దుకాణదారుల పిల్లలు కూడా గల్లా ముందు కూర్చోవడానికి ఇష్టపడలేదు. వాళ్లను చదివించింది ఆ గల్లాయే. ఇరానీ హోటలు స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. షేటు కొడుకు వేరే పేటలో ఫ్యాన్సీ షాపు పెట్టుకున్నాడు. నేనూ ఏమంత నిజాయితీపరుణ్ని కాను. సూపర్ మార్కెట్ తెరిచిన మొదటి నెలలోనే నెల సరుకులు అక్కడ తెచ్చాను, సంచి కనపడకుండా షేటు కొట్టు ముందు నుంచి కాక వెనక గల్లీలోంచి ఇంటికి వచ్చాను.

గిర్నీ విషయం ఇంతవరకు నీకు చెప్పలేదు. పాత ఇల్లు పడగొట్టి కట్టిన ఈ అపార్ట్‌మెంటులోనే మనం ఫ్లాటు కొనుక్కున్నాం కదా. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ చప్పుడు, ఆ మిరప ఘాటు పడలేదు. అసోసియేషన్ వాళ్లు మున్సిపాలిటీకి ఫిర్యాదు రాసి ఇంటింటికీ సంతకాలకు వచ్చారు. అప్పుడు నీకు ఇంజినీరింగ్ చివరి ఏడాది పరీక్షలు. చదువుకు ఇబ్బందిగా ఉందని నువ్వొకసారి అన్నావు, ఆ మాటను నేను సాకు చేసుకున్నాను. కాగితం మీద నాది పదకొండో సంతకం. తాత ఆ కాగితం చూశాడో లేదో నాకు తెలియదు. ఖాళీ చేసే ముందు రోజు వచ్చి, మన డబ్బా ఒకటి అక్కడే ఉండిపోయిందని తుడిచి ఇచ్చి, "అమ్మాయి బాగా చదువుతోందా?" అని అడిగి వెళ్లాడు. ఆ సాయంత్రం మన తలుపు దగ్గర నిలబడ్డ మనిషి వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి. అంటే అన్నేళ్లూ మేం చూసింది పిండినే.

ఇప్పుడు నువ్వు వస్తే మన సందును పోల్చుకోలేవు. నగర కేంద్ర గ్రంథాలయం ఉండటం వల్ల, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల వల్ల ఈ పేటంతా గ్రూప్స్ పరీక్షల పిల్లలతో నిండిపోయింది. గిర్నీ ఉన్న చోట నాలుగంతస్తుల హాస్టలు, కింద జిరాక్స్ షాపు, పక్కన కర్రీ పాయింటు. ఈ దుకాణాలను చిన్నచూపు చూడటం నాకు చేతకాదు. రాత్రి తొమ్మిదింటికి ఒక పప్పు పొట్లం, ఒక పెరుగు పొట్లం పట్టుకుని గదికి పోతున్న పిల్లవాణ్ని చూసినప్పుడల్లా 1978లో ఇదే రోడ్డు మీద ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో రాత్రి గడిపిన మనిషి నాకు గుర్తొస్తాడు. వాళ్లకు ఆ జిరాక్స్ షాపే గిర్నీ కాబోలు. మెయిన్ రోడ్డు మీద 2020 ఫిబ్రవరిలో మెట్రో మొదలైన తరువాత దుకాణం పేరు చెప్పేవారూ తగ్గారు. మెహిదీపట్నం పైవంతెన కింద చాలాకాలంగా చెబుతున్నట్టే ఇక్కడా స్తంభం నంబరు చెబుతున్నారు. దుకాణం మూతపడుతుంది గానీ స్తంభం మూతపడదు కదా, ఆ మాటకు వస్తే అదే మేలు.

ఆ అబ్బాయి నిన్న మళ్లీ వచ్చాడు. మీ అమ్మ మందులు తెచ్చాడు. ఈసారి ఫోను చేయకుండా నేరుగా తలుపు తట్టాడు. మొదటిసారి అంత తిప్పలు పెట్టినందుకు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. గిర్నీ ఎక్కడ ఉండేదో కిటికీలోంచి చూపించాను. అతను తన ఫోను తెరిచి, నా నంబరు ఏ పేరుతో దాచుకున్నాడో చూపించాడు. 'గిర్నీ సార్' అని ఉంది. తమ వాళ్లందరికీ ఈ సందును అలాగే చెబుతున్నాడట. మీ అమ్మ వంటింట్లోంచి విని, నీళ్ల ట్యాంకరు వాడికి కూడా ఆ మాటే చెప్పమని కేకేసింది.

నువ్వు మాత్రం వచ్చే పార్సిల్ మీద స్తంభం నంబరు రాయి. అడ్రసు వేరే కాగితం మీద రాసి ఫోటో పంపిస్తాను. చెప్పులు మరో సైజు పెద్దవి దొరికితే చూడు.

ఆశీస్సులతో,
నాన్న