డయాలిసిస్ నీళ్ల రిపోర్టు గోడ మీద పెట్టించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయవాడలో ఉంటాను. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడు కిడ్నీలు పాడై కొన్నేళ్లుగా డయాలిసిస్ మీద ఉన్నాడు, అంటే మెషిన్‌తో రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ ఖర్చు ప్రభుత్వ పథకమే భరిస్తోంది, నెలనెలా పింఛనూ అందుతోంది. ఇవి లేకపోతే మాలాంటి ఇళ్లు ఎప్పుడో అప్పులపాలయ్యేవి. ఆ కృతజ్ఞతతోనే ఈ లేఖ రాస్తున్నాను.

ఎన్ని బెడ్లు ఉన్నాయి, ఎన్ని మెషిన్లు పెట్టాం, నెలకు ఎన్ని డయాలిసిస్‌లు చేశాం అన్న లెక్కలు మీ దగ్గర ఉంటాయి. ఆ నాలుగు గంటల్లో రోగి రక్తానికి ఏం జరుగుతోందన్నది మాత్రం ఏ లెక్కలోనూ కనిపించదు. నేను అడగబోయేది దాని గురించే.

డయాలిసిస్ రోగుల్లో ఎక్కువమంది చనిపోయేది గుండె, రక్తనాళాల జబ్బులతో. బీపీ, షుగర్‌తో పాటు దీనికి మరో కారణం ఉంది. దాన్ని డాక్టర్లు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ఒంట్లో ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు) పుట్టే వేగాన్ని వాటిని అదుపు చేసే శక్తి అందుకోలేకపోతే, అవి రక్తనాళాల గోడల్నీ, ఎర్ర రక్తకణాల పొరల్నీ దెబ్బతీస్తాయి. కొలెస్ట్రాల్‌ను ఆక్సీకరణం చేసి నాళాల్లో పేరుకునేలా చేస్తాయి. కిడ్నీలు పాడైనవాళ్లలో ఇది డయాలిసిస్‌కి ముందే మొదలై ఉంటుంది. మెషిన్ మీద పడుకోబెట్టాక రక్తం డయలైజర్ (మెషిన్‌కి తగిలించే, రక్తాన్ని వడకట్టే గొట్టం) లోపలి పొరను తాకుతుంది. తెల్ల రక్తకణాలు ఆ పొరను శత్రువుగా భావించి రెచ్చిపోయి ఫ్రీ రాడికల్స్ వదులుతాయి. పాత సెల్యులోజ్ పొరలతో ఇది చాలా ఎక్కువగా ఉండేది. ఇప్పటి పాలీసల్ఫోన్ లాంటి పొరలతో బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. దానికి తోడు, నీళ్లలో కరిగే విటమిన్ సి లాంటివి డయాలిసిస్‌లో వ్యర్థాలతో పాటే కొట్టుకుపోతాయి. అంటే ఒకపక్క దాడి పెరుగుతోంది, ఇంకోపక్క రక్షణ తగ్గుతోంది. డయాలిసిస్ అయిన రోజు మా తమ్ముడు మంచం దిగడు. ఆ నీరసానికి కారణాలు చాలానే ఉంటాయి, అంతా దీనివల్లే అని నేను అనను.

ఇందులో ప్రభుత్వం చేతుల్లో ఉన్న పెద్ద విషయం నీళ్లు. మెషిన్‌లో నిమిషానికి అర లీటరు డయాలిసిస్ ద్రవం పారుతుంది, అందులో దాదాపు అంతా నీళ్లే. నాలుగు గంటలకు 120 లీటర్లు, వారానికి 360. మనం తాగే నీళ్లను పేగులు వడకట్టి లోపలికి పంపుతాయి. ఈ 360 లీటర్లకీ రక్తానికీ మధ్య ఉన్నది ఒక పల్చటి పొర మాత్రమే. ఆ నీళ్లలో బ్యాక్టీరియా చచ్చి వదిలే ఎండోటాక్సిన్ ముక్కలు పొర దాటి వస్తే జ్వరం రాకపోయినా లోలోపల వాపు రగులుతూనే ఉంటుంది, ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి. అందుకే డయాలిసిస్ నీళ్లకు వేరే ప్రమాణాలు ఉన్నాయి. మిల్లీలీటరుకు బ్యాక్టీరియా 100 కాలనీల లోపు, ఎండోటాక్సిన్ 0.25 యూనిట్ల లోపు ఉండాలి. అల్ట్రాప్యూర్ అనే మెరుగైన ద్రవానికైతే ఇవి 0.1, 0.03 లోపు.

ఇక క్లోరిన్. మనం వాడేది కృష్ణ నీళ్లు. వాటిలో క్లోరిన్ కలపక తప్పదు, కలపాలి కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు క్లోరిన్ ఎంత అవసరమో ఊరంతా చూశాం. అయితే క్లోరిన్ అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ తయారవుతుంది. తాగేవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. డయాలిసిస్ ద్రవంలోకి వస్తే మాత్రం అది నేరుగా ఎర్ర రక్తకణాలను ఆక్సీకరణం చేసి పగలగొడుతుంది. ఆర్వో ఫిల్టరు ఒక్కదానితో అది ఆగదు. దానికి ముందుండే కార్బన్ (బొగ్గు) ట్యాంకు ఆపాలి. అందుకే ప్రతి షిఫ్టుకి ముందు ఆ ట్యాంకు నీళ్లను పరీక్షించాలి, మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు.

మేం వెళ్లే ఒక సెంటర్‌లో ఆర్వో గది తలుపు తీసి ఉంటే లోపలికి తొంగిచూశాను. కార్బన్ ట్యాంకు పక్కన మేకుకు ఒక రిజిస్టరు వేలాడుతోంది. షిఫ్టుకో గడి ఉంది. అప్పటికి రెండో షిఫ్టు నడుస్తోంది, మూడో షిఫ్టు గడి కూడా నిండిపోయి ఉంది. అన్నీ ఒకే పెన్ను, ఒకే అంకె. అక్కడి టెక్నీషియన్ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. బీపీలు చూడాలి, సూదులు గుచ్చాలి, అలారం మోగితే పరుగెత్తాలి, అన్నీ అతనే. ఎండోటాక్సిన్ రిపోర్టు చూపించమంటే ఆఫీసులో అడగమన్నారు. ఆఫీసులో అడిగితే పేషెంట్లకు ఇచ్చేది లేదన్నారు.

మంత్రి గారూ, ఆ రిపోర్టును గోడ మీద అంటించమని ఉత్తర్వు ఇవ్వండి. తేదీ, క్లోరిన్, బ్యాక్టీరియా, ఎండోటాక్సిన్, పరీక్ష చేసిన ల్యాబ్ పేరు ఉంటే చాలు. ప్రభుత్వ పథకం డబ్బు తీసుకునే ప్రతి సెంటర్‌లో పేషెంట్లు కూర్చునే చోట పెట్టించండి. ప్రభుత్వాసుపత్రులకూ మినహాయింపు వద్దు. డయలైజర్‌ను కడిగి మళ్లీ వాడుతుంటే ఎన్నోసారి వాడుతున్నారో, దేనితో శుభ్రం చేస్తున్నారో రోగి కార్డులో రాయించండి.

రెండోది ఐరన్ ఇంజెక్షన్. రక్తం తక్కువగా ఉందని దాదాపు అందరికీ ఎక్కిస్తారు, అది అవసరమే. కానీ ఐరన్ మోతాదు మించితే ఫ్రీ రాడికల్స్‌ని పుట్టించేదీ అదే. బ్రిటన్‌లో 2 వేల మందికి పైగా డయాలిసిస్ రోగుల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. నెలనెలా ఐరన్ ధారాళంగా ఇచ్చినవాళ్లే మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. అయితే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ 700 దాటినా, రక్తంలో తిరిగే ఐరన్ ఎంతుందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 40 శాతానికి చేరినా వాళ్లకు ఐరన్ ఆపేశారు. ప్రతి నెలా పరీక్ష చేశారు కాబట్టే అది సాధ్యమైంది. మా తమ్ముడికి ఇంజెక్షన్ క్రమంగా పడుతోంది, ఫెర్రిటిన్ పరీక్ష మాత్రం మేం బయట డబ్బులు కట్టి చేయించుకుంటున్నాం. ఈ పరీక్షలు ప్యాకేజీలోనే ఉండేలా చూడండి, ఉన్నచోట చేయిస్తున్నారో లేదో అడగండి.

తిండి సంగతి కూడా చెప్పాలి. పొటాషియం భయంతో ఇంట్లో కూరగాయలు ముక్కలు కోసి నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తాం. విటమిన్ సి కొంత దాంతోనే పోతుంది. బత్తాయి వద్దు, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు. ఏం తినాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఖాళీలోకి యాంటీఆక్సిడెంట్ పొడులు, క్యాప్సూళ్లు అమ్మేవాళ్లు వస్తున్నారు. ఇజ్రాయెల్‌లో 196 మంది మీద చేసిన పరీక్షలో విటమిన్ ఇ వాడినవాళ్లకు గుండె సమస్యలు తగ్గాయని 2000లో వచ్చిన మాట నిజమే. కానీ ఆ పరీక్షలో మరణాలు తగ్గినట్టు తేలలేదు. విటమిన్ సి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగితే, కిడ్నీలు పనిచేయనివాళ్ల ఒంట్లో ఆక్సలేట్ (విటమిన్ సి విరిగితే మిగిలే వ్యర్థం) పేరుకుని కొత్త తిప్పలు వస్తాయి. వీళ్లకు కావాల్సింది పొడులు కాదు. నెలకోసారైనా సెంటర్‌కి వచ్చి, మన పప్పూ పచ్చడీ తెలిసిన డైటీషియన్ మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కరితో మాట్లాడాలి. ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న కుటుంబాలకు ఇది మాకంటే ఎక్కువ అవసరం.

డైటీషియన్లకూ పరీక్షలకూ బడ్జెట్ కావాలని తెలుసు, కొంత సమయం పడుతుంది. నీళ్ల పరీక్షలు మాత్రం ఇప్పుడే జరగాల్సినవి, గోడ మీద కాగితం అంటించడానికి అయ్యే ఖర్చేమీ లేదు. ముందు విజయవాడ, గుంటూరు సెంటర్లలో మొదలుపెట్టండి. ఆ అంకెలు చదివి రోగులకు అర్థమయ్యేలా చెప్పడానికి నాలాంటి రిటైరైన కెమిస్ట్రీ మాస్టార్లు ఈ రెండు ఊళ్లలో చాలామందిమి ఉన్నాం. కబురు పెడితే వస్తాం, జీతం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక డయాలిసిస్ రోగి అన్న,
విజయవాడ