డబ్లిన్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి

అందరికీ నమస్కారం. నీళ్ల బాటిళ్లు, కూల్‌డ్రింక్ క్యాన్లు నలిపి పడేసే అలవాటుంటే ఇక్కడ మానుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి వాటి మీద కొనేటప్పుడే కట్టి, ఖాళీది తిరిగిచ్చాక వెనక్కి తీసుకునే డిపాజిట్ ఉంది: అర లీటరు దాకా 15 సెంట్లు, పెద్దదైతే 25. సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే ఆ డబ్బుకి ఓచర్ వస్తుంది. కానీ నలిగినా, బార్‌కోడ్ చిరిగినా చిన్నపిల్లలు మందు ఉమ్మేసినట్టు బయటికి తోసేస్తుంది! నిన్న నా ముందు ఒక పెద్దాయన నలిగిన క్యాన్‌ని నోటితో ఊది ఉబ్బించాలని ఎన్ని తంటాలు పడ్డాడో. లైన్లో అందరం నవ్వాపుకోలేకపోయాం, ఆయనతో సహా.

ఇంకోటి, స్టాపులో ఊరికే నిలబడితే బస్సు ఆగకపోవచ్చు, చెయ్యి చాపండి. లీప్ కార్డు (ముందే డబ్బులు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) లేకపోతే సరిపడా చిల్లర ఉండాలి, నోట్లు తీసుకోరు. ఈ గాలికి గొడుగు తిరగబడుతుంది, దాని మీద డబ్బులు తగలెయ్యకుండా మంచి రెయిన్‌కోటు కొనుక్కోండి.