గాలిమర తిరుగుతోంది, చెరువుకు గాలి అందడం లేదు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి, మా ఊరి మత్స్య సహకార సంఘం సభ్యుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

మా చెరువు కట్ట పక్కన నిలబెట్టిన గాలిమర మీకు గుర్తుండే ఉంటుంది. కొబ్బరికాయ కొట్టి ప్రారంభించింది మీరే. కరెంటు బిల్లు లేకుండా గాలితోనే చెరువు నీళ్లకు ఆక్సిజన్ ఎక్కుతుందని, ఇది బాగా పనిచేస్తే ఇంకొన్ని పెట్టిస్తామని ఆ రోజు మైకులో చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం. మనస్ఫూర్తిగానే కొట్టాం. అది చెరువుకు గాలి పంపడం మానేసిన నాటి నుంచి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నాం. రసీదులు భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

పాడైంది చిన్న సామాను. గాలిమర రెక్కలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. రోడ్డు మీద పోయేవాళ్లకు అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ రెక్కల ఊపుతో పైపులోకి గాలి నెట్టే కంప్రెసర్‌లో రబ్బరు పొర ఒకటి ఉంటుంది. అది చిరిగిపోయింది. వాడేకొద్దీ అరిగిపోయే సామానే అది, ఎప్పటికప్పుడు మార్చుకోవాల్సిందే. మార్చేవాళ్లు లేరు. చెరువు అడుగుకు గాలి పోవడం లేదు. బుడగలు వదలాల్సిన డిఫ్యూజర్ల మీద బురద పేరుకుపోయింది.

ఎవరు మార్చాలి అని అడగడానికి మేం తిరగని ఆఫీసు లేదు. నీళ్లు చూసేవాళ్ల దగ్గరికి పోతే, నీళ్లు, కట్ట, తూము, మరువ వరకే మాది, గాలిమర మా రిజిస్టర్‌లో లేదన్నారు. చేపలు చూసేవాళ్లు, మేం చేపపిల్లల వరకేనన్నారు. ఊరి మురుగు చూసేవాళ్లు, చెరువు మా పరిధిలోకి రాదన్నారు. వాళ్ల మురుగు మాత్రం రోజూ మా చెరువులోకే వస్తుంది. గాలిమర బిగించిన కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే మెయింటెనెన్స్ గడువు అయిపోయిందన్నారు.

కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజుల కాలం నాటి చెరువు శాసనం ఉంది. 1369లో వేయించింది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఆరున్నర శతాబ్దాల కిందటే ఆ పెద్దలకు ఆ సంగతి తెలిసింది. మా చెరువు ఒకే రాష్ట్రంలో, ఒకే మండలంలో ఉంది. అయినా మూడు ఆఫీసుల సరిహద్దులో చిక్కుకుపోయింది. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాకుండా పోయింది.

అయ్యా, గాలి ఆగితే మాకు ఏమవుతుందో కాస్త ఓపికగా చదవండి.

వానలు తగ్గి, రెండు మూడు రోజులు మబ్బు పట్టి, గాలి కదలని రోజులు అక్టోబరులో వస్తాయి. అలాంటి రోజుల్లో మాకు నిద్ర పట్టదు. తెల్లవారుజామున కట్ట మీదికి వెళ్తే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. మొదట పెద్దవి. వాటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. తెల్లారేసరికి రాగండి, బొచ్చె, ఎర్రమోసు కట్ట పొడుగునా తెల్లగా తేలి ఉంటాయి. కొర్రమీను ఒక్కటే పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. ఏడాదంతా పెంచుకున్నది ఒక్క రాత్రిలో పోతుంది. లీజు డబ్బు మాత్రం ముందే కట్టేశాం. చేపపిల్లలకు తెచ్చిన అప్పు వడ్డీతో సహా అలాగే ఉంటుంది.

చచ్చిన చేపల్ని తీయాల్సింది మేమే. గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్చాల్సింది మేమే. ట్రాక్టరు బాడుగ మాదే. ఆ కంపుకు చెరువు పక్క కాలనీవాళ్లు మా మీదికే వస్తారు, మీరే ఏదో మందు కలిపారని. బతికిన నాలుగు చేపల్ని మా ఆడవాళ్లు గంపల్లో పెట్టుకుని సంతకు పోతే, ఆ చెరువు చేపలా అని ముక్కు మూసుకుంటారు. సగం ధరకు అడుగుతారు. సాయంత్రం దాకా కూర్చుని ఆ సగానికే ఇచ్చి వస్తారు. వడ్డీ కట్టలేక మా పిల్లల్లో కొందరు చదువు మానేసి బెంగళూరులో కూలి పనులకు పోయారు. దీనికి నష్టపరిహారం ఏ పద్దు కింద ఇవ్వాలో రూల్స్‌లో లేదట. తుఫాను కాదు, వరద కాదు, కరువు కాదు. మరి ఇది ఏమిటి సార్?

చేపలు చచ్చినప్పుడల్లా నీటి పరీక్షకు మనుషులు వస్తారు. మంచివాళ్లే, మర్యాదగా మాట్లాడతారు. కానీ వచ్చేసరికి పదకొండు దాటుతుంది. నీళ్లు సీసాలో పట్టుకుపోతారు. ఆక్సిజన్ బాగానే ఉందని రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు చూపించి మా అర్జీ మూసేస్తారు. ఇక్కడే మాకు అన్యాయం జరుగుతోంది, దయచేసి వినండి. చెరువు నిండా పచ్చని నాచు ఉంది. ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం పైనీళ్లలో కొలిస్తే మామూలు నీళ్లలో పట్టేదానికంటే ఎక్కువే కనిపించవచ్చు. చీకటి పడ్డాక అదే నాచు, అడుగు బురద, చేపలు అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. సూర్యోదయానికి ముందు నీళ్లలో మిగిలేది అతి తక్కువ. ముప్పై డిగ్రీల వేడి దగ్గర లీటరు నీటిలో కరిగేదే సుమారు 7.5 మిల్లీగ్రాములు. చేపలు బతకాలంటే కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. ఆ 4 ఉందో లేదో చూడాల్సింది తెల్లవారుజామున, చేప చచ్చే వేళలో. పదకొండు గంటల రిపోర్టుతో మా నోరు మూయించడం ధర్మం కాదు.

మీ దగ్గరికి వెళ్లిన నోట్‌లో 'గాలిమర ప్రయోగం ఈ ప్రాంతానికి సరిపడలేదు' అని రాశారని విన్నాం. ఆ మాటే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో గాలికి కొదవా? రామగిరి కొండల మీద మూడు దశాబ్దాల కిందటే గాలిమరలు పెట్టి కరెంటు తీశారు. ఉరవకొండ వైపు పోతే కనుచూపు మేర అవే. వాన తక్కువ, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. కానీ నైరుతి వచ్చిందంటే తలమీద గుడ్డ నిలవదు. అంత గాలి ఉన్న నేల మీద గాలిమర పనికిరాదని రాయడానికి చేయి ఎలా వచ్చింది?

అది సరిగ్గా పనిచేసిన కాలంలో మేం కళ్లారా చూశాం. అడుగు నుంచి బుడగలు లేచి, వాటితోపాటు కింద నల్లగా కుళ్లిన నీళ్లు మెల్లగా పైకొచ్చేవి. బుడగలో ఉన్న గాలి కన్నా, ఆ అడుగు నీళ్లు పైకొచ్చి బయటి గాలికి తగలడం వల్లే ఎక్కువ మేలని బిగించడానికి వచ్చిన మేస్త్రీ చెప్పాడు. తూము దగ్గర కుళ్లిన గుడ్డు కంపు తగ్గింది. చేపలు ఆ బుడగల చుట్టూ చేరేవి. అడుగున ఆక్సిజన్ ఉంటే బురదలోని భాస్వరం ఇనుముకు పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. ఆక్సిజన్ పోతే అది నీళ్లలోకి వదులవుతుంది, మళ్లీ నాచుకు మేత అవుతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే. గాలిమర నుంచి గాలి ఆగాక పచ్చదనం ఇంకా చిక్కబడింది.

గాలిమర ఒక్కటే అన్నీ చేస్తుందని మేం అనడం లేదు. ఒక్క గాలిమర చుట్టూ ఉన్న కొద్దిపాటి నీళ్లకే సరిపోతుంది. వందల ఎకరాల చెరువంతటికీ చాలదు. తూము దగ్గరి లోతు మడుగులో కొన్ని పెడితే చేపలు తలదాచుకోవడానికి చోటు ఉంటుందని మొదటి నుంచీ అడుగుతున్నాం. ఇంకో చిక్కు కూడా ఉంది. గాలి వేగం సగానికి పడిపోతే అందులోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చేపలు చచ్చే ఆ మబ్బు రోజుల్లోనే గాలి కూడా ఉండదు. అందుకని అదే పైపుకు కరెంటుతో నడిచే చిన్న కంప్రెసర్ ఒకటి తగిలించి, గాలి లేని రాత్రుల్లో వేయమన్నాం. ఇవన్నీ అర్జీల్లో రాశాం. చదివి ఉంటే 'సరిపడలేదు' అనే మాట ఎవరూ రాసేవారు కాదు.

భీమవరం, కైకలూరు వైపు చేపల రైతులు ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. రాత్రి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా జనరేటర్ వేస్తారు. గట్టు మీద పడుకునే మనిషి ఉంటాడు. అక్కడ చెరువు ఎవరిదో రాసి ఉంది. మా చెరువు గాలిమరకు ఒక నూనె చుక్క వేసే మనిషిని కూడా పెట్టలేదు. వెనకటిలా చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి ఉండి ఉంటే ఈపాటికి ఆ రబ్బరు పొర మార్చించి ఉండేవాడు. మా సంఘం నుంచే ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పించి తాళం చెవి ఇవ్వమన్నాం. ప్రభుత్వ ఆస్తి, చేయి పెడితే కేసు అవుతుందన్నారు. చందాలు వేసుకుని మేమే సామాను కొంటామన్నా ఒప్పుకోలేదు. మా డబ్బుతో మా చెరువును బాగు చేసుకోవడం కూడా నేరమేనా అయ్యా?

మురుగు సంగతి ఎక్కువ రాయను, అది మీకు తెలుసు. శుద్ధి ప్లాంటు వస్తుందని ఎన్నికలకు ముందూ విన్నాం, తర్వాతా విన్నాం. ఊరి మురుగు చెరువులో కలిసినన్నాళ్లు ఎన్ని గాలిమరలు పెట్టినా అరకొర ఫలితమే. కానీ ప్లాంటు వచ్చేదాకా మా చేపలు, మా ఆయకట్టు రైతుల పొలాలు, కట్ట కింద బోరు నీళ్లు తాగే జనం ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేరు కదా.

ఇంకొక ముఖ్యమైన మాట. ఈ లేఖ చూసి ఎవరైనా హడావిడిగా వచ్చి పొర మార్చి, ఫొటోల కోసం పూర్తిగా తిప్పేస్తారేమోనని భయం. అలా చేయనివ్వకండి. ఇన్నాళ్లు ఆగిన అడుగు నీళ్లను ఒక్కసారిగా పైకి తిప్పితే అందులోని కుళ్లు వాయువుల విషమంతా చెరువులో కలిసి మిగిలిన చేపలు కూడా చస్తాయి. మొదటి రోజు కాసేపు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. గాలిని బయటికి వదిలేసే వాల్వు అందుకే పెట్టారు. అది తెలిసిన మనిషి దగ్గరుండాలి.

మేం అడిగేది మళ్లీ చెబుతున్నాను. ఆ రబ్బరు పొర మార్పించండి. చెరువు బాధ్యత ఏ ఆఫీసుదో మీ సంతకంతో ఒక కాగితం ఇప్పించండి. నడిపే పని మా సంఘానికి అప్పగించండి, సామాను ఖర్చుకు ఏటా కొంత సొమ్ము కేటాయించండి. మీరు మాటిచ్చిన మిగతా గాలిమరలు లోతు మడుగులో పెట్టించండి. గాలి లేని రాత్రులకు చిన్న కంప్రెసర్ ఇప్పించండి. పోయిన చేపలకు ఏదో ఒక పద్దు కింద సాయం చేయండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే, కనీసం ఆ పొర, ఆ కాగితం. అక్టోబరు వచ్చేలోపు. చేతులెత్తి వేడుకుంటున్నాం.

మా లేఖలో నిజం ఎంతో తేల్చుకోవాలంటే మీ అధికారులను మళ్లీ పంపండి. ఈసారి తెల్లవారుజామున ఐదింటికి రమ్మనండి. సీసాలు వద్దు, ఆక్సిజన్ మీటరు తెచ్చుకోమనండి. పడవ మేం సిద్ధంగా ఉంచుతాం. పైనా, మధ్యలో, అడుగునా మా కళ్ల ముందే కొలిచి, వచ్చిన అంకెలు అక్కడికక్కడే రాసి సంతకం పెట్టమనండి.

ఇట్లు,
మీ విధేయుడు,
మత్స్య సహకార సంఘం సభ్యుడు