మైకు కొంటే చాలదు, ఎలా వాడాలో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

చూపు లేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసి పంపేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈమధ్య మాలో చాలామంది కంప్యూటర్‌కు తీగతో నేరుగా తగిలించే యూఎస్‌బీ కండెన్సర్ మైకులు కొన్నారు, సంతోషమే, కానీ వస్తున్న రికార్డింగులు వింటుంటే బాధగా ఉంది. ఫ్యాను హోరు, గది మోత, మధ్యలో కుక్కర్ విజిల్. మనకైతే మాట సరిగ్గా వినపడకపోతే పుస్తకం తెరిచి చూసుకుంటాం, ఆ పిల్లలు ఏం చూసుకుంటారు?

ఏ మైకు ఎంత ధర అని పత్రికల్లో వస్తుంది గానీ, కొన్నాక ఎటువైపు మాట్లాడాలో ఎవరూ రాయరు. నేను సభలో మైకు పట్టుకున్నట్టు పైకొనలోకి మాట్లాడుతూ 18 పాఠాలు చదివేశాను. ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, మీరు పక్క గదిలోంచి చదువుతున్నట్టు ఉంది" అంది. ఇలాంటి మైకుల్లో చాలావాటికి పైకొన కాదు, ముందు పక్క మన నోటికి ఎదురుగా ఉండాలట. అన్నీ అలా ఉండవు, డబ్బాలో ఇచ్చిన కాగితం చూసుకోవాలి. 18 పాఠాలూ మళ్లీ చదివాను.

ఇంకొకరిది మరీ అన్యాయం, మైకు ముందు గంట చదివితే తీరా రికార్డయింది ల్యాప్‌టాప్‌లో ఉండే మైకుతో. సెట్టింగ్స్‌లో మైకు పేరు ఎంచుకుని, గోటితో దాన్ని మెల్లగా తట్టి చూస్తే తెలిసిపోతుంది.

కండెన్సర్ మైకులో పల్చటి పొర ఉంటుంది, చిన్న చప్పుడుకే కదులుతుంది. అందుకే మన గొంతు అంత బాగా పడుతుంది, ఫ్యానూ అంతే బాగా పడుతుంది. చాలామంది మైకు మూరెడు దూరంలో పెట్టి, గొంతు చాలలేదని గెయిన్ (మైకు పట్టిన చప్పుడును ఎంత పెంచాలో చెప్పే మీట) పెంచుతారు, దాంతో గది మోత కూడా పెరుగుతుంది. జానెడు దూరంలో కూర్చుని గెయిన్ తగ్గించండి. గట్టిగా చదివిన చోట కూడా చప్పుడు ఎంతుందో తెరమీద చూపే మీటరు -6 డెసిబెల్స్ దాటకపోతే మంచిది, 0 అనే చివరి హద్దు తాకి గొంతు పగిలిందంటే తర్వాత బాగుచేయడం దాదాపు కుదరదు. ప, ఫ, భ లాంటి అక్షరాలతో ఇంకో చిక్కు, 'భారతం' అనగానే గాలి వచ్చి మైకును కొడుతుంది. ఆ గాలిని ఆపడానికి మైకు ముందు పెట్టే తెర, అదే పాప్ ఫిల్టర్, లేకపోతే మైకును నోటికి కొంచెం పక్కగా జరిపినా చాలు.

గది సంగతే అన్నిటికన్నా ముఖ్యం, ధర కన్నా కూడా. గ్రానైటు నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో ఎంత ఖరీదైన మైకు పెట్టినా మోతే. నేను పడకగదిలో, బట్టల బీరువా తలుపులు తెరిచి, వెనక బొంత వేలాడదీసి చదువుతాను. ఎండాకాలం ఫ్యాను ఆపి కూర్చోవడం కష్టమే, అందుకే తెల్లవారుజామున 5 లోపే ముగిస్తాను. రికార్డు చేసి సరిదిద్దుకునే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఒక్క గొంతుకు మోనో (స్టీరియో కాకుండా ఒకే ఛానెల్) చాలు. మొదట ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా వదిలితే, ఆ ముక్కను ఆడాసిటీకి చూపించి హోరు తగ్గించుకోవచ్చు, మరీ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది.

దయచేసి ఒక ఆదివారం అరపేజీ దీనికి ఇవ్వండి, బొమ్మలతో. మైకు ఎటువైపు తిప్పాలో ఆ బొమ్మలో తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు