కేసు ఇంటర్వ్యూలో ముందు లెక్క, తర్వాతే ఐడియా

సంపాదకులకు,
కంపెనీలకు సలహాలిచ్చే కన్సల్టింగ్ సంస్థలు ఇంటర్వ్యూలో ఒక వ్యాపార సమస్య (కేసు) ఇచ్చి పరిష్కరించమంటాయి. అలా ‘విమాన సంస్థకు టికెట్ కాని ఆదాయం పెంచండి’ అనగానే నల్లగొండ, పాలమూరు కాలేజీల పిల్లలు వైఫై, సినిమాలు అంటూ ఏకరువు పెట్టొద్దు. ముందు లెక్క కట్టండి: ప్రయాణికులు, వారిలో కొనేవారి శాతం, సగటు ధర. 180 సీట్ల విమానంలో 150 మంది ఎక్కి, 40 శాతం మంది రూ.300 చొప్పున పెట్టి సీటు ఎంచుకుంటారనుకుంటే ఒక్క సర్వీసుకు రూ.18,000. లగేజీ, భోజనం, హోటల్ బుకింగ్‌పై వచ్చే కమీషన్లకూ ఇలాగే విడివిడిగా. దుబాయ్ పోయే కార్మికుడికి కావాల్సింది అదనపు కిలోలు, ముందు వరుస కాదు. భోజనానికి ఖర్చుంది, సీటు ఎంపికకు దాదాపు లేదు. అందుకే అమ్మకం కాదు, ఖర్చు పోను మిగులు చూడాలి. అసలు బోల్తా పడేది కాంబో దగ్గర. సీటు, భోజనం కలిపి అమ్మితే విడి అమ్మకాలు పడిపోతాయి. ఆ కోత తీసేయకపోతే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కేసినట్టే. కాళ్లు చాపుకునే సీట్లు కొన్నే ఉంటాయి, అడిగిన అందరికీ అమ్మలేమన్నదీ మరవొద్దు.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ