తాళాలేసిన ఇళ్ల గురించి జిల్లా అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం. నెల్లూరులో పెన్నా ఒడ్డున అద్దెకుంటున్నాను. 2021 నవంబర్‌లో ఏరు పొంగినప్పుడు పిల్లల్ని భుజానేసుకుని బయటపడ్డ వాళ్లలో మేమూ ఉన్నాం.

ఊరి చివర ప్రభుత్వం లబ్ధిదారుల కోసం కట్టి వదిలేసిన ఫ్లాట్లలోకి కొన్ని కుటుంబాలు తాళాలు పగలగొట్టి చేరాయి. అది ఒప్పని నేననను, ఎందుకంటే మా పక్కింటి అక్క అక్కడ ఫ్లాట్ కోసం అప్పు చేసి డిపాజిట్ కట్టింది, ఇప్పుడు అటు వడ్డీ, ఇటు అద్దె కడుతోంది, రేపు ఆమె ఫ్లాట్‌లో వేరేవాళ్లుంటే ఎవరితో కొట్లాడాలి? కానీ మనుషులు చేరకముందు అక్కడ చిల్లచెట్లు చేరాయి, కుళాయిలు, వైర్లు దొంగలపాలయ్యాయి. అప్పుడు ఒక్క కేసూ పెట్టలేదు!

2011 జనాభా లెక్కల్లోనే మన దేశ పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి. నెదర్లాండ్స్‌లో ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న భవనంలో చేరితే 2010 దాకా నేరం కాదు, తర్వాత నిషేధించారు. మనకా చట్టం వద్దులెండి, ఉన్నదే చాలు. ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లనైనా మామూలుగా నోటీసు ఇవ్వకుండా తీసేయకూడదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది.

పోలీసుల్ని పంపేముందు లబ్ధిదారుల లిస్టు వార్డు సచివాలయం గోడకు అంటించండి. నీళ్లు, కరెంటు ఏ తేదీకిస్తారో దాని కిందే రాయించండి. లోపలున్న వాళ్లలో లిస్టులో పేరున్నవాళ్లు ఎంతమందో కూడా లెక్క తీయించండి, నాకు తెలిసి ఇద్దరున్నారు.