మెటల్‌లో గాంధారం వినిపిస్తే తప్పేమిటి?

సంపాదకుడు గారికి,

హెవీ మెటల్ బ్యాండ్ ఏదైనా కాస్త బాణీ వైపు మొగ్గితే చాలు, మీ సంగీతం పేజీలో ‘మార్కెట్‌కు లొంగిపోయింది’ అని తీర్పు వచ్చేస్తోంది. ఆ ఆల్బమ్‌లో ఏం మారిందన్నది మాత్రం ఒక్క వాక్యం కూడా ఉండటం లేదు.

మెటల్‌కు ఆయువుపట్టయిన పవర్ కార్డ్‌లో (గిటార్‌పై ఒకేసారి మోగించే స్వరాల జత) షడ్జమం (స), పంచమమే (ప) ఉంటాయి, గాంధారం (గ) ఉండదు. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) దండిగా పెట్టి గాంధారం కలిపితే స్వరాలు ఒకదానితో ఒకటి రాసుకుని మోత ముద్దయిపోతుంది. కానీ బాణీకి వెలుగైనా దిగులైనా ఇచ్చేది ఎక్కువగా ఆ గాంధారమే. దానికి చోటు చేయాలంటే ఒక గిటార్ సా-పా పట్టుకోవాలి, రెండోది పై స్థాయిలో గాంధారం ఒక్కటే పలకాలి. లేదా గెయిన్ (ఆ గరగర మోతాదు) తగ్గించి తీగలను విడివిడిగా మీటాలి. చాలామంది గెయిన్ తగ్గించి డ్రమ్స్‌ను అలాగే వదిలేస్తారు, అక్కడే పాట దెబ్బతింటుంది. నిమిషానికి 200 బీట్ల వేగంలో బీటుకు నాలుగు చొప్పున డబుల్ బాస్ (రెండు పాదాలతో కొట్టే పెద్ద డ్రమ్) మోగితే సెకనుకు 13 దెబ్బలు దాటతాయి. దాని మీద సాగదీసి పాడే పల్లవి నిలవడం కష్టం. ఎడతెగని సింబల్స్ ‘స’, ‘శ’లను మింగేస్తాయి. గ్రౌల్ (గొంతు చించుకుని గర్జించినట్టు పాడటం) మానేసిన గాయకుడి గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చకపోతే పై స్వరాలు పీలగా వస్తాయి.

మెటాలికానే చూడండి. 1988 నాటి ఆల్బమ్‌లో శీర్షిక పాట తొమ్మిది నిమిషాలు దాటుతుంది, బాస్ గిటార్ దాదాపు వినిపించదు. 1991లో నిర్మాత బాబ్ రాక్‌తో చేసిన ఆల్బమ్‌లో పాటలు కుదించారు, బాస్‌ను ముందుకు తెచ్చారు. అదే ఆల్బమ్‌లోని ‘సాడ్ బట్ ట్రూ’ కోసం గిటార్ల శ్రుతిని రెండు ఫ్రెట్ల (గిటార్ మెడపై మెట్లు) మేర దించారు, దాంతో మోత మరింత మందమైంది. అంటే జనానికి దగ్గరైన ఆ ఆల్బమ్‌లోనే బరువు కూడా పెరిగింది! స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ అయితే ‘డెలివరెన్స్’, ‘డామ్నేషన్’ ఆల్బమ్‌లను ఒకే విడతలో రికార్డు చేసింది. 2002లో వచ్చిన మొదటిది భీకరం, 2003లో వచ్చిన రెండోదాంట్లో గ్రౌల్ అసలే లేదు. అదే చేతులు, అదే కాలం. ఇందులో లొంగుబాటు ఎక్కడుంది?

తప్పు పట్టాల్సినవి లేవని కాదు. మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు రికార్డింగ్‌కు చేసే చివరి మెరుగు) శబ్దాన్ని ఒకే ఎత్తుకు నొక్కేస్తే చరణానికీ పల్లవికీ తేడా పోతుంది, ఎంత మంచి బాణీ అయినా చెవికి అలసటే. అలాంటివి పేరుపెట్టి విమర్శించండి. గ్రౌల్ పోయిందని రాసే సమీక్షకులు, ఆ స్థానంలో ఏం వచ్చిందో కూడా విని రాసేలా చూడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు